డ్యూరాండ్ ఫైనళ్ళు – హైదరాబాద్ పోలీసు జట్టు – ఒక బడిపంతులు

ఈ కాలం పిల్లలకు "సూపర్ కప్" అనే మాట కొత్త కాదు. విదేశాలలో లీగు గెలిచిన క్లబ్బూ, కప్పు గెలిచిన క్లబ్బూ చివరకు ఒకదానితో ఒకటి తలపడితే దానికి ఆ పేరు. మన దేశంలో 2018లో సూపర్ కప్ పేరుతో నాకౌట్ పోటీ మొదలయింది. ఆ ఏడు భువనేశ్వర్‌లో జరిగిన ఫైనల్లో బెంగళూరు ఎఫ్.సి. 4–1 గోల్సుతో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించింది. పిల్లలు ఆ స్కోర్లన్నీ నోటికి చెబుతారు. సంతోషమే. కాని దేశంలో మేటి క్లబ్బు ఏదో తేల్చే ఫైనళ్ళు వారి తాతల కాలంలోనూ ఉండేవనీ, ఆ ఫైనళ్ళలో ఒక పక్క తరచుగా మన హైదరాబాద్ పేరే ఉండేదనీ ఎంతమంది పిల్లలకు తెలుసు?

1950 నుండి 1963 వరకు గల పద్నాలుగు సంవత్సరాలలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో హైదరాబాద్ పోలీసు జట్టూ, కలకత్తా క్లబ్బు ఒకటీ ఎదురెదురుగా నిలబడటం ఆరుసార్లు జరిగింది. మూడుసార్లు మనవాళ్ళు గెలిచారు, మూడుసార్లు కలకత్తా వాళ్ళు గెలిచారు. లెక్క సమానం. ఒకవైపు లక్షలాది అభిమానులు, ధనవంతులైన పోషకులు, పెద్ద పేరు ఉన్న క్లబ్బులు. మరోవైపు కొద్దిపాటి జీతం మీద బ్రతికే పోలీసు ఉద్యోగుల జట్టు. అయినా లెక్క ఎలా సమానమయింది? తరువాత మన పక్క ఎందుకు ఖాళీ అయింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడం మన సొసైటీ కుటుంబాలకు ఉపయోగమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కప్పుల పూర్వ కథ

డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో మొదలయింది. అప్పటి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంలో విదేశాంగ కార్యదర్శిగా ఉన్న సర్ మార్టిమర్ డ్యూరాండ్ దీనికి మూలపురుషుడు. అఫ్ఘనిస్తాన్ సరిహద్దుకు "డ్యూరాండ్ రేఖ" అని పేరు వచ్చిందీ ఈయన వల్లనే. మొదట ఇది తెల్ల సిపాయిల ఆట. బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్పూ అంతే. ఏ రెజిమెంటు గెలిచినా కప్పు దొరల ఇంట్లోనే ఉండేది.

ఆ కోటకు ఒక్కొక్క బీట పడుతూ వచ్చింది. 1911లో మోహన్ బగాన్ ఆటగాళ్ళు చాలా వరకు బూట్లు లేని కాళ్ళతోనే ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1తో ఓడించి, ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచారు. 1934లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు కలకత్తా లీగును గెలిచిన మొదటి భారతీయ క్లబ్బు అయింది. ఒక్కసారితో ఊరుకోలేదు, 1938 వరకు వరుసగా అయిదేళ్ళూ గెలిచింది. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు రోవర్స్ కప్పును తెచ్చుకుంది.

1940లో డ్యూరాండ్ సిమ్లా నుండి ఢిల్లీకి దిగింది. ఆ ఏటి ఫైనల్లో మహమ్మడన్ స్పోర్టింగ్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2–1తో ఓడించింది. అర్ధ శతాబ్దం పైగా సైన్యాల చేతిలో ఉన్న కప్పు మొదటిసారి ఒక భారతీయ పౌర జట్టు చేతికి వచ్చింది. ఆ ఏడు రోవర్స్ కప్పు కూడా వాళ్ళదే. ఈ సంగతి మన ఇళ్ళల్లో పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. చెప్పుకోవలసిందే. కాని హైదరాబాద్ పోలీసు జట్టు కథ దీనికి కొంచెం భిన్నమైనది. అది ఒక మతం పేర ఏర్పడిన క్లబ్బు కాదు. ఉద్యోగుల జట్టు. అందుకే దాని గెలుపుకు మరొక అర్థం కూడా ఉన్నది.

1950

ప్రపంచ యుద్ధం, దేశ విభజన కారణంగా 1941 నుండి డ్యూరాండ్ ఆగిపోయింది. మళ్ళీ మొదలయింది 1950లో. అంటే అది స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి డ్యూరాండ్ అన్నమాట.

ఆనాటి హైదరాబాద్ పరిస్థితి ఏమిటో జ్ఞాపకం చేసుకోవాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. అంతకు ముందు రజాకార్ల దౌర్జన్యాలతో పల్లెల్లో ఎందరో అమాయకులు నలిగిపోయారు. ఆ తరువాత జిల్లాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాలు ఆప్తులనూ ఆస్తులనూ పోగొట్టుకున్నాయి. సంస్థానపు సైన్యం, దర్బారు కొలువులు పోయి ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి ఆరింది. కొందరు కరాచీ దారి పట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1918 నుండి నడిచిన ఉర్దూ బోధన కూడా ఆ రోజుల్లోనే పోయింది. ఉన్నవాళ్ళు తలవంచుకుని, "మనం ఎక్కడి వాళ్ళం?" అని లోలోపల అడుగుకున్న కాలమది.

అటువంటి సమయంలో, రెండు సంవత్సరాలు గడిచీ గడవక ముందే, చొక్కా మీద హైదరాబాద్ పేరుతో ఒక జట్టు రైలెక్కి దేశ రాజధానికి వెళ్ళింది. ఫైనల్లో ఎదురు నిలిచింది మోహన్ బగాన్. 1911 నాటి కీర్తి కలిగిన క్లబ్బు. ఆ మోహన్ బగాన్‌ను ఓడించి హైదరాబాద్ సిటీ పోలీస్ డ్యూరాండ్ కప్పు గెలిచింది. అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్పూ మనవాళ్ళకే వచ్చింది.

ఇదేం చిన్న మాట కాదు. రెండేళ్ళ క్రితం వరకు అనుమానంగా చూసిన ఊరి పేరు పెట్టి ఢిల్లీ జనం చప్పట్లు కొట్టారు. ఎవరినీ బ్రతిమాలలేదు, ఎవరి మీదా కేకలు వేయలేదు. ఆట ఆడి చూపించారు. మరుసటి ఏడు, 1951లో, ఢిల్లీలోనే మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణ పతకం పొందింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చింది హైదరాబాద్ మనిషి. ఆయన ఎవరో ఇప్పుడు చెప్పుకుందాం.

బడిపంతులు

జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియాలో చదివి బి.ఏ. పట్టా పొందారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు – ఇవీ ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. ఖమర్ క్లబ్బు తరఫున తానూ ఆడారు. 1940ల మొదటి సంవత్సరాలలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. దేశపు జట్టుకు కూడా ఆయనే కోచ్.

చూడండి, ఆయన మొదట ఉపాధ్యాయుడు. తరువాతనే కోచ్. ఆయన పద్ధతులన్నింటిలో తరగతి గది వాసన కనబడుతుంది. మంచి పంతులు ఏం చేస్తాడు? పిల్లవాడికి ఏది రాదో కనిపెట్టి దాని మీదనే కూర్చోబెడతాడు. వచ్చిన లెక్కే పదిసార్లు చేయనివ్వడు. రహీం సాహెబ్ కూడా అదే చేశారు. ఆ రోజుల్లో మన ఆటగాళ్ళకు ఉన్న పెద్ద జబ్బు బంతిని వదలకపోవడం. ఒక్కడే నలుగురిని తప్పించుకుని పోవాలని చూసేవాడు. జనం వాహ్వా అనేవారు, గోలు మాత్రం పడేది కాదు. అందుకని ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో టోర్నమెంట్లు పెట్టించారు. బంతి రాగానే పక్కవాడికి అందించవలసిందే. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనూ, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితోనూ మాత్రమే తన్నాలనే షరతుతో మరికొన్ని పోటీలు నడిపారు. ఖర్చేమీ లేదు. ఒక మైదానం, ఒక బంతి, ఒక ఈల చాలు. కావలసింది ఆలోచన.

ఫలితం ఏమయింది? 1950, 1951, 1952, 1953, 1954 – వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసుదే. రోవర్స్ కప్పు 2001 వరకు నడిచింది. అంత పొడుగు చరిత్రలో మరే క్లబ్బూ వరుసగా అయిదుసార్లు గెలవలేదు. ఒకటి రెండుసార్లయితే అదృష్టం అనుకోవచ్చు. అయిదేళ్ళ పాటు అదృష్టం ఎవరి ఇంట కూర్చుంటుంది?

ఆరు ఫైనళ్ళు

ఇక డ్యూరాండ్ లెక్క చూద్దాం. 1950 సంగతి చెప్పుకున్నాం. 1952 ఫైనల్లో ఎదుట ఈస్ట్ బెంగాల్. 1–0తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. 1954లో మనవాళ్ళు మళ్ళీ కప్పు తెచ్చారు. ఆ ఫైనల్లో కలకత్తా జట్టు లేదు గనుక ఈ ఆరింటిలో దానిని లెక్కించలేదు. 1956లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్. 2–0తో ఓడిపోయాం. 1957లో మూడవసారి ఈస్ట్ బెంగాల్. ఈసారి 2–1తో మనదే పైచేయి. తరువాత జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1961 ఫైనల్లో మోహన్ బగాన్‌ను 1–0తో ఓడించి డ్యూరాండ్‌ను నాలుగవసారి గెలిచింది. 1963లో మళ్ళీ మోహన్ బగాన్, ఈసారి 0–2తో మన ఓటమి.

ఈ అంకెల వెనుక ఒక భేదం ఉన్నది. కలకత్తా క్లబ్బులకు దేశమంతటి నుండి ఆటగాళ్ళను పిలిపించుకునే శక్తి ఉండేది. బెంగళూరు వాడైనా, హైదరాబాద్ వాడైనా, పంజాబ్ వాడైనా పేరు వచ్చిందంటే కలకత్తా కబురు వచ్చేది. అక్కడ మైదానం నిండా జనం, పత్రికల్లో ఫోటోలు, పెద్ద ఆఫీసుల్లో కొలువులు. హైదరాబాద్‌కు ఆ శక్తి లేదు. మన దగ్గర ఉన్నది తయారుచేసే శక్తి. వాళ్ళు తయారైన చెట్టును తెచ్చి నాటుకునేవారు, మనం విత్తు వేసి నీళ్ళు పోసేవాళ్ళం. పన్నెండు, పదమూడేళ్ళ పాటు రెండు పద్ధతులూ సరిసమానంగా నిలిచాయి.

విత్తు వేయడమంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చాలు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఆడుతుండగా రహీం సాహెబ్ చూశారు. హైదరాబాద్ జట్టు ప్రాక్టీసుకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి నా దగ్గర డబ్బు ఎక్కడిదండీ అన్నాడు ఆ కుర్రవాడు. సైకిలు మీద వచ్చేలా రహీం సాహెబ్ ఏర్పాటు చేశారు. ఆ బలరాం 1956లో హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీకీ, ఆ ఏడే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కూ వెళ్ళాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ అతన్ని తీసుకుపోయింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోల్సు కొట్టాడు. ఆ కుర్రవాడి ఇంటి భాష తమిళం, మతం హిందూ. పంతులు ఇంటి భాష ఉర్దూ, మతం ఇస్లాం. వారి మధ్య ఉన్నది ఒక సైకిలు, ఒక బంతి. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. జీవితాంతం రహీం సాహెబ్‌ను గురువుగా తలచుకున్నారు.

పోలీసు జట్టు సంగతీ, నగరపు జట్టు సంగతీ ఇంతే. ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు కలిసి ఆడారు. సికింద్రాబాద్ మైదానాల్లో పెరిగిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి ఆసియాలోనే పేరెన్నిక గన్న గోల్‌కీపర్ అయ్యాడు. 1956 మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంత దూరం వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరకు నాలుగవ స్థానం. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, తంగరాజ్ వంటి మన నగరపు మనుషులు ఒకరిద్దరు కాదు, అరడజను దాకా ఉన్నారు. హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీని కూడా 1956–57, 1957–58లలో వరుసగా రెండుసార్లు గెలిచింది. రెండుసార్లూ ఓడినది బొంబాయే.

జకార్తా – చివరి పాఠం

1962 నాటికి రహీం సాహెబ్‌కు క్యాన్సర్ ముదిరింది. అయినా జట్టుతో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళారు. ఒక భారతీయ అధికారి అన్న మాటల వల్ల అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట దక్షిణ కొరియా. స్టేడియంలో లక్ష మంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఆ గోలలో భారత జట్టుకు మద్దతుగా కేకలు వేసిన వారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు. విభజన జరిగిన పదిహేనేళ్ళకు ఆ దృశ్యం! పి.కె. బెనర్జీ ఒక గోలు, తల మీద గాయానికి కట్టు కట్టుకున్న జర్నైల్ సింగ్ మరొక గోలు చేశారు. భారత్ 2–1తో గెలిచింది. ఆ పదకొండు మందిలో తంగరాజ్, బలరాం, ఆంధ్రప్రదేశ్ పోలీస్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ – ముగ్గురు మన మట్టి మీద తయారైన వారు. ఆ తరువాత నేటి వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పురుషుల స్వర్ణం మనకు రాలేదు.

1963 జూన్ 11న రహీం సాహెబ్ చనిపోయారు. ఆ ఏటి డ్యూరాండ్ ఫైనలే పైన చెప్పిన ఆరవది, మోహన్ బగాన్ చేతిలో ఓడినది. ఆ తరువాత డ్యూరాండ్ ఫైనల్లో హైదరాబాద్ పోలీసు జట్టు పేరు మళ్ళీ కనబడలేదు.

ఎందుకు ఆగిపోయింది?

ఒక్క మనిషి పోతే అంతా పోతుందా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వెంటనే అంతా పోలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. నీళ్ళు పోయడం మానినా చెట్టు కొన్నాళ్ళు పచ్చగా ఉంటుంది కదా, అలాంటిదే అది.

కాని 1966లోనే సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్ చేరారు. నయీం నాయకత్వంలో భారత జట్టు 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం పొందింది. హబీబ్‌ను కలకత్తా జనం "బడే మియాఁ" అని పిలుచుకున్నారు. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2–2తో నిలబడింది. ఆ రెండింటిలో ఒక గోలు హబీబ్‌ది. హబీబ్ తమ్ముడు అక్బర్ కూడా అక్కడే పేరు తెచ్చుకున్నాడు. మన పిల్లలు గెలుస్తూనే ఉన్నారు, కాకపోతే వేరే ఊరి చొక్కా వేసుకుని. హబీబ్ సాహెబ్ 2023 ఆగస్టు 15న ఇదే హైదరాబాద్‌లో తుదిశ్వాస విడిచారు.

వెళ్ళినవారిని తప్పు పట్టే పని లేదు. మంచి జీతం, మంచి పేరు దొరికితే ఎవరైనా వెళ్తారు. అసలు విషయం, ఒకరు వెళ్తే ఆ చోటికి మరొకరిని తయారుచేసే ఏర్పాటు మనం నిలుపుకోలేదు. ఆ ఏర్పాటుకు మూడు కాళ్ళు ఉండేవి. ఒకటి బడి. ఆట నేర్పే పంతులు ఉన్న బడి. రెండు కొలువు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికి ఆట వల్ల ఇల్లు గడుస్తుందనే ధైర్యం. మూడు మైదానం. 1687లో గోల్కొండ ముట్టడి నాడు మొఘల్ సైన్యం విడిది చేసిన చోటు కనుక ఫతే మైదాన్ అని పేరుపడిన స్థలంలో లాల్ బహదూర్ స్టేడియం ఉన్నది. అది పెద్ద మైదానం, పెద్ద ఆటలకు. నేను అంటున్నది గల్లీ చివర ఉండే ఖాళీ జాగా గురించి. అవి ఒక్కొక్కటే ఇళ్ళయ్యాయి, షాపులయ్యాయి, ఫంక్షన్ హాళ్ళయ్యాయి. మూడు కాళ్ళ పీటకు మూడూ విరిగితే ఇక పీట ఎక్కడ నిలుస్తుంది?

డబ్బు ఒక్కటే ఉంటే సరిపోతుందా? దానికీ జవాబు మన కళ్ళ ముందే ఉన్నది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్బు పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1–1గా ఆడి, పెనాల్టీలలో 3–1తో గెలిచింది. మనకు ఆనందమే. కాని 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. యజమాని డబ్బుతో వచ్చిన క్లబ్బు యజమాని లెక్కతో పోతుంది. గల్లీలో పుట్టిన ఆట అలా ట్రక్కు ఎక్కి పోదు.

ఇంకొక సంగతి. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. పశ్చిమ బెంగాల్ 1–0తో కేరళను ఓడించి 33వసారి ట్రోఫీ పట్టుకుపోయింది. ఒకప్పుడు బెంగాల్‌ను ఓడించిన ఊరు మనది. ఈసారి మన ఊళ్ళోనే ఫైనల్, మనం ప్రేక్షకులం.

మన చేతిలో ఉన్నది

2024లో రహీం సాహెబ్ జీవితం మీద "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చింది. చాలామంది కుటుంబాలతో చూశారు, కళ్ళు తుడుచుకున్నారు. సినిమా చూసి ఏడ్వడం తేలిక. ఆయన చేసిన పనిలో పదవ వంతు చేయడం కష్టం. అయినా అసాధ్యం కాదు. ఆయన చేతిలో కోట్లు లేవు. ఒక పంతులు జీతం, సాయంత్రం రెండు గంటల టైము ఉన్నాయి.

కనుక సొసైటీ పెద్దలకు నాదొక మనవి. మనం ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం, పుస్తకాలు పంచుతున్నాం. చాలా మంచి పనులు. వాటి పక్కన ఒక చిన్న పద్దు ఆటలకు కూడా పెట్టాలి. కప్పులు, షీల్డులు కొనడానికి కాదు. ఉన్న ఏదో ఒక బడి ఆవరణను సాయంత్రం అస్ర్ నమాజు తరువాత మగ్రిబ్ దాకా తెరిచి ఉంచడానికి, నేర్పగల ఒక మనిషికి నెలకు ఇంత అని ఇవ్వడానికి, దూరం నుండి వచ్చే పిల్లవాడికి బస్సు పాసుకు. బలరాంకు కావలసివచ్చింది ఒక సైకిలే కదా! ఆ పిల్లల్లో మన పిల్లలే ఉండాలని పట్టు వద్దు. పక్క బస్తీ పిల్లలు, ఏ మతం వారైనా రావాలి. రహీం సాహెబ్ జట్టు అలా ఉన్నందుకే దేశం దాన్ని తనదిగా చూసుకుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఆట చదువుకు శత్రువు కాదు. భారతదేశపు అందరికంటే గొప్ప ఫుట్‌బాల్ గురువు చేతిలో బి.ఏ. పట్టా, జేబులో సుద్దముక్క ఉండేవి. ఆడపిల్లల విషయంలో కూడా కొంచెం ఆలోచించండి. నిజామాబాద్ జిల్లా బంజారా కుటుంబంలో పుట్టిన సౌమ్య గుగులోత్ భారత మహిళా జట్టులో ఆడుతున్నది. 2024–25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఆమె ఉన్నది. ఆ జట్టు పేరేమిటో తెలుసా? ఈస్ట్ బెంగాల్. కలకత్తా దారి ఇప్పటికీ తెరిచే ఉన్నది. మన పిల్లలు ఆ దారిలో పోతే పోనివ్వండి. వాళ్ళు ఆట నేర్చుకునే చోటు మాత్రం ఇక్కడ ఉండాలి.

అల్లాహ్ మర్హూమ్ రహీం సాహెబ్ సమాధిని నూర్‌తో నింపుగాక. వచ్చే సంవత్సరం సావనీర్‌లో మన మైదానంలో ఎంతమంది పిల్లలు ఆడుతున్నారో, వారికి ఎవరు నేర్పుతున్నారో లెక్క వ్రాసుకునే అవకాశం మనకు కలుగుగాక. ఆమీన్.